ఇద్దరి పేరు మీద ఒక గది

లాటరీలో మా పేరు వచ్చిందని ఫోన్ వచ్చేసరికి నేనొక లాయరుగారి కోటు చేతులు పొట్టి చేస్తున్నాను. నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. అవతల తమ్ముడు అరుస్తున్నాడు.

"అక్కా, వచ్చింది! మనకొచ్చింది!"

సూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టి, "సరిగ్గా చూశావా? అదే పేరుతో ఇంకెవరైనా ఉన్నారేమో" అన్నాను.

"మూడుసార్లు చూశాను. ముందు నీ పేరు, పక్కన నా పేరు. రెండూ తప్పులతో రాశారు. మనమే."

ఆ ఏడు వానలు మొదలై అప్పటికి వారం. బయట రోడ్డు కనిపించకుండా కురుస్తోంది. మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకుని పని పట్టుకున్నాను గానీ, కోటు చేతులు రెండూ ఒకే పొడవు రాలేదు. మర్నాడు విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది.

నేను పనిచేసే బట్టల షోరూం ఊళ్ళో ఖరీదైన పేటలో ఉంది. అక్కడ కొత్తగా లేచే ప్రతి పెద్ద భవనంలోనూ ఒక అంతస్తు తక్కువ జీతాల వాళ్ళకి కేటాయించాలని నగరపాలక సంస్థ నియమం. బయటి ధరలో మూడోవంతుకే ఇస్తారు. ఇల్లంటే ఇల్లు కాదు, ఒకటే గది. అందులోనే ఒక మూల వంటగట్టు, ఇంకో మూల స్నానాలగది. స్టూడియో అంటారు. వేలమంది అర్జీలు పెడితే లాటరీ తీస్తారు. నాలుగేళ్ళుగా పెడుతూనే ఉన్నాను. షరతు ఏమిటంటే, అర్జీలో ఉన్నవాళ్ళ జీతాలన్నీ కలిపి ఒక పరిమితి దాటకూడదు. రిజిస్ట్రేషన్ అయ్యే రోజు వరకూ దాటకూడదు. మా ఇద్దరివీ కలిపితే ఆ గీతకి వెంట్రుకవాసి కింద ఉండేవి.

అప్పుడు మేముండేది రెండు బస్సులు మారితే వచ్చే చోట, ఒక పాత మేడ మీద రేకుల గదిలో. నాలుగు కుటుంబాలకి ఒకటే మరుగుదొడ్డి. వానాకాలం వస్తే బకెట్టు ఎక్కడ పెట్టాలో రేకులే చెప్పేవి. పంతొమ్మిదేళ్ళుగా పొద్దున్నే ఆరింటికి బయల్దేరి ఆ పేటకి వచ్చి, అక్కడివాళ్ళ బట్టలు వాళ్ళ ఒంటికి సరిచేసి, చీకటి పడ్డాక వెనక్కి వెళ్ళేదాన్ని. ఆ పేటలో నాకు తెలియని సందు లేదు. కాసేపు కూర్చోవడానికి నాకంటూ ఒక చోటూ లేదు.

గది చూపించడానికి హౌసింగ్ ఆఫీసు నుంచి ఒకావిడ తాళాలగుత్తి పట్టుకుని వచ్చింది. మెళ్ళో గొలుసుకి కళ్ళజోడు వేలాడుతూ ఉండేది. తర్వాత మేమిద్దరం ఆవిణ్ణి కళ్ళజోడావిడ అనే అనుకునేవాళ్ళం.

"పది నిమిషాలే. ఇంకా ఆరుగురికి చూపించాలి" అంది తలుపు తీస్తూ.

ఏడో అంతస్తు. కొత్త సున్నం వాసన. తమ్ముడు చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి గది మధ్యలో వెల్లకిలా పడుకుని, చేతులు రెండు పక్కలా చాపి చూశాడు.

"అక్కా, ఇటు నా తల, అటు నీ కాళ్ళు. చుట్టాలొస్తే నిలబడి నిద్రపోవాల్సిందే."

"చుట్టాలు రారులే. ఇన్నాళ్ళూ ఎవరొచ్చారు గనక" అన్నాను.

కళ్ళజోడావిడ నవ్వింది. కిటికీ తీస్తే కింద బడి ఆటస్థలం కనిపించింది, వానకి చెరువులా ఉంది. నేను కుళాయి తిప్పి, నీళ్ళ కింద చెయ్యి పెట్టి, నీళ్ళు వేడెక్కేదాకా అలాగే నిలబడ్డాను.

"రిజిస్ట్రేషన్‌కి నాలుగు నెలలు పడుతుంది" అంది ఆవిడ. "ఈలోపు జీతం పెరిగినా, ఉద్యోగం మారినా మాకు చెప్పాలి. దాచినట్టు తేలితే తర్వాతైనా రద్దు చేస్తారు. ఇంకో మాట. పదేళ్ళ దాకా అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. ఇద్దరి పేరు మీదా ఇస్తున్నాం కాబట్టి ఇద్దరూ ఇక్కడే కాపురం ఉండాలి. తనిఖీకి వస్తారు."

"పదేళ్ళేమిటండీ, నలుగురూ మోసుకెళ్ళేదాకా ఉంటాం" అన్నాడు తమ్ముడు నేల మీంచి లేస్తూ.

వాడు ఒక పెద్ద లాండ్రీలో పనిచేసేవాడు. ఊళ్ళోని హోటళ్ళవీ ఆసుపత్రులవీ దుప్పట్లన్నీ అక్కడికే వస్తాయి. వాడి పని రోలర్ మిషను దగ్గర. తడి దుప్పటి అంచులు రెండూ పట్టుకుని వేడి రోలర్ల మధ్యకి అందిస్తే, అది అటువైపు ఆరిపోయి, ఒక్క ముడతా లేకుండా వస్తుంది. రోలర్ల ముందు ఒక ఇనుప పట్టీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలితే మిషను ఆగిపోవాలి. కానీ బరువైన దుప్పట్లు కూడా దానికి తగిలి మాటిమాటికీ ఆగిపోతోందని, ఎవరో ఎప్పుడో ఆ పట్టీని పైకెత్తి గుడ్డపీలికతో కట్టేశారు. తమ్ముడు అన్నం తింటూ ఆ పీలిక సంగతి నాకు నూరుసార్లు చెప్పి ఉంటాడు.

గది చూసొచ్చిన మూడు వారాలకి వాడు పెందలాడే ఇంటికొచ్చాడు. చేతిలో కాగితం పెట్టెలో రెండు కేకు ముక్కలు. తలనిండా వాన నీళ్ళు.

"నన్ను సూపర్‌వైజర్ని చేస్తారటక్కా."

నేను ముక్క నోట్లో పెట్టుకున్నాను. "జీతం ఎంతట?"

చెప్పాడు. ముక్క నోట్లో అలాగే ఉండిపోయింది.

"దార్లోనే లెక్కేసుకున్నాను" అన్నాడు వాడే. "దాటుతుంది. ఎంతో కాదు, కాస్తే."

"నాలుగు నెలలు ఆగమని అడిగితే?"

"ఆగడు. ఈ వానలకి దుప్పట్లు గుట్టలు పడుతున్నాయి. వారంలోగా చెప్పకపోతే గెడకి ఇచ్చేస్తానన్నాడు మేనేజర్."

గెడ అంటే వాడితోపాటు రోలర్ మీద పనిచేసే పొడుగాటి మనిషి. అసలు పేరు వాళ్ళమ్మకి కూడా గుర్తుండదని తమ్ముడు అనేవాడు.

"నీకేమనిపిస్తోంది?" అన్నాను.

వాడు తల తుడుచుకుంటూ చాలాసేపు తువ్వాలు మొహం మీంచి తియ్యలేదు. "ముందు హౌసింగ్ ఆఫీసులో అడుగు. ఏదో ఒక దారి ఉండకపోదు. ఆ వేడి దగ్గర నిలబడి పదకొండేళ్ళయిందక్కా. సూపర్‌వైజర్నైతే మొదటిరోజే ఆ పీలిక కోసి పారేస్తా."

మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి ఆఫీసుకి వెళ్ళాను. కళ్ళజోడావిడ బల్ల ముందు నలుగురున్నారు. నా వంతు వచ్చింది.

"ఊరికే అడుగుతున్నానండీ. మధ్యలో ఎవరికైనా జీతం పెరిగితే..."

"ఊరికే ఎవరూ అడగరమ్మా. చెప్పండి" అంది.

చెప్పాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక ఫైలు తిరగేసింది.

"ఈ గది రాదు. మీ తర్వాతివాళ్ళకి పోతుంది. వాళ్ళు రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నారు. కానీ మీ పేరెక్కడికీ పోదు. వచ్చే ఏడాది ఊరి చివర పెద్ద కాలనీ వస్తోంది, అక్కడ పరిమితి కాస్త ఎక్కువ. ఒక కాగితం రాసిస్తే మిమ్మల్ని అందులోకి మారుస్తాను. పైగా అక్కడ రెండు గదులు. మీ తమ్ముడికి రేపు పెళ్ళవ్వాలన్నా అదే నయం కదా."

"అక్కణ్ణించి ఈ పేటకి ఎంతసేపు?"

"బస్సులోనా? రెండు గంటలు వేసుకోండి."

"ఎప్పటికి కడతారు?"

"ఏడాది అంటారు. రెండేళ్ళు అనుకోండి."

బయటికొచ్చి గొడుగేసుకున్నాను. షోరూంకి వెళ్ళాల్సిన దాన్ని, కాళ్ళు ఆ భవనం వైపు వెళ్ళాయి. ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడి కింద నుంచి ఏడో అంతస్తు లెక్కపెట్టాను. కిటికీ మేం తీసినట్టే తెరిచి ఉంది. జల్లు లోపలికి కొడుతుందేమో, నేల పాడవుతుందేమో అని గాభరా పడ్డాను. అప్పటికే అది నాదైపోయింది.

సాయంత్రం వాడు వచ్చేసరికి పొయ్యి మీద పాలు పెట్టాను. గుమ్మంలోనే అడిగాడు.

"ఏమందక్కా?"

"కుదరదంది. జీతం పెరిగితే పేరు కొట్టేస్తారట. మళ్ళీ మొదటినుంచీ అర్జీ పెట్టుకోవాలట."

"వేరే దారేం లేదా?"

"లేదంది."

పాలు పొంగాయి. దించి, గట్టు తుడిచాను. వెనక వాడు చొక్కా విప్పి తీగ మీద ఆరేస్తున్న చప్పుడు వినిపించింది.

"సరేలే. నువ్వు పంతొమ్మిదేళ్ళు తిరిగావు, నేను నాలుగు నెలలు నిలబడలేనా" అన్నాడు.

మేనేజర్ రెండోసారి కూడా పిలిచి అడిగాడట. వాడు వద్దన్నాడట. వారం తర్వాత గెడ సూపర్‌వైజర్ అయ్యాడు. "ఇక వాడితో తలెత్తి మాట్లాడాలి. ముందూ అంతే అనుకో" అని నవ్వాడు తమ్ముడు. ఆ పీలిక విప్పించమని గెడకి చెప్పావా అని అడిగితే, "చెప్పాను. చూద్దాంలే అన్నాడు. వాడికి మేనేజరంటే హడల్" అన్నాడు. మళ్ళీ ఆ మాట మేమెత్తలేదు. బ్యాంకు కాగితాలు, జీతం కాగితాలు, ఫోటోలు, వాటి నకళ్ళు — ఆ నెలలన్నీ కాగితాలు తడవకుండా పొట్టకి అదుముకుని బస్సులెక్కడంతోనే సరిపోయింది.

రిజిస్ట్రేషన్ ఇంకా పద్దెనిమిది రోజులుందనగా, మధ్యాహ్నం మూడింటికి షోరూం మేనేజర్ నేను కుట్టే గదిలోకి వచ్చింది. ఆవిడ ఎప్పుడూ వెనకగదిలోకి రాదు. గుమ్మంలో నిలబడి, "మీ తమ్ముడికి దెబ్బ తగిలిందట, లాండ్రీ నుంచి ఫోన్. వెళ్ళండి. ఆ గౌను సంగతి నేను చూసుకుంటాను" అంది. గౌను తను చూసుకుంటానందంటే చిన్న దెబ్బ కాదని అర్థమైంది. పనుండగా ఆవిడ ఎవరినీ వదలదు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద గెడ కూర్చుని ఉన్నాడు. అంత మనిషీ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని గుప్పెడంత అయిపోయాడు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు.

"దుప్పటి మడతపడి లోపలికి లాగేసిందక్కా. వాడు సర్దబోయాడు. నేను అరిచేలోపే... ఆపే మీట నొక్కింది నేనే. మిషను ఆగింది కానీ..."

"పీలిక విప్పలేదా?"

తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి, "ఈ ఆసుపత్రివే, రెండు లారీల దుప్పట్లు ఎదురుచూస్తున్నాయి. మేనేజర్ నెత్తిమీద కూర్చుని ఉన్నాడు. వాడు సూపర్‌వైజరై ఉంటే విప్పించేవాడు. వాడికా దమ్ముంది. నాకు లేదు" అన్నాడు. "ఎందుకు వద్దన్నాడక్కా వాడు? అడిగితే, మా అక్క ఇల్లు అన్నాడు. నాకేం అర్థం కాలేదు."

నేను బెంచీ మీద వాడి పక్కన కూర్చున్నాను.

కుడిచేతికి నాలుగు వేళ్ళు తీసేశారు. బొటనవేలు మిగిలింది. మర్నాడు పొద్దున లోపలికి పంపించారు. మంచం మీద పరిచిన దుప్పటి మూలన వాళ్ళ లాండ్రీ గుర్తు ఉంది. చెయ్యి తెల్లటి కట్టులో దిండంత ఉంది. వాడు కళ్ళు తెరిచి నన్ను పోల్చుకోవడానికి కాస్త టైం పట్టింది.

"రిజిస్ట్రేషన్ తేదీ మారదు కదా?" అన్నాడు.

"మారదు."

"నడవగలను. చేతికే కదా."

అప్పుడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. నర్సు వచ్చి మందులిచ్చే వేళయిందని బయటికి పొమ్మంది. నర్సు రావడం నాకు మంచిదే అనిపించింది. ఆ మాట ఇప్పటికీ ఎవరితోనూ అనలేదు.

రిజిస్ట్రేషన్ రోజు కూడా వానే. వాడికి నా పెద్ద గొడుగు పట్టి, కట్టు తడవకుండా నేను సగం బయట నడిచాను. ఆఫీసులో కళ్ళజోడావిడ మా ఫైలు పట్టుకుని ముందే వచ్చి ఉంది. చెయ్యి చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో. ఎలా జరిగింది నాయనా?"

వాడు రెండు ముక్కల్లో చెప్పాడు.

"ఇక రోలర్ పని చెయ్యలేడు కదండీ. కౌంటర్లో కూర్చోబెడతామన్నారు, జీతం తగ్గుతుంది. దానివల్ల ఏమైనా ఇబ్బందా?" అని అడిగాను.

"తగ్గితే ఇబ్బంది లేదమ్మా. పెరిగితేనే."

గుమాస్తా కాగితాలు బల్ల మీద పరిచి సిరాపెట్టె మూత తీశాడు. తమ్ముడి కట్టు చూసి, "పరవాలేదు, ఎవరికైనా ఎడమ బొటనవేలి ముద్రే. సంతకం కూడా దాంతోనే సరిపెట్టేద్దాం" అన్నాడు.

"అయితే మీకు కావాల్సినవన్నీ నా దగ్గరున్నట్టే" అన్నాడు తమ్ముడు. గుమాస్తా నవ్వాలో వద్దో తెలియక కాగితాలు సర్దాడు.

కళ్ళజోడావిడకి మమ్మల్ని ఓదార్చాలనిపించింది. మంచి మనిషి. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు.

"ఒకందుకు నయమే నాయనా. ఆ రోజు మీ అక్కగారికి చెప్పాను, కావాలంటే వచ్చే ఏడాది ఊరి చివర కాలనీలోకి మార్చుకోండి, పేరెక్కడికీ పోదు, రెండు గదులొస్తాయి అని. ఆవిడ వద్దనుకోవడమే మంచిదైంది. ఇప్పుడీ చేత్తో ఆసుపత్రి చుట్టూ తిరగాలంటే అంత దూరం నుంచి ఎక్కడ వస్తారు?"

తమ్ముడు నావైపు తిరగలేదు. సిరాపెట్టె వైపే చూస్తున్నాడు. దాని మూత మీద ఎవరివో పాత వేలిముద్రలు నీలంగా ఎండిపోయి ఉన్నాయి.

"వేలెక్కడ పెట్టాలండీ?" అన్నాడు.

ఏడు చోట్ల పెట్టాడు. తర్వాత నేను పెట్టాను.

ఆ వారంలోనే మారాం. సామానంతా ఒక చిన్న వ్యానులో సరిపోయింది. వాడు తన మంచం తలుపు పక్కన వేయించుకున్నాడు, కిటికీ పక్క చోటు నాకొదిలాడు. నేను కాదన్నా వినలేదు. ఆ రోజు నుంచి 'అక్కా' అనడం మానేశాడు. పొడిపొడిగా "తాళం", "నీళ్ళు", "వస్తున్నా" అనేవాడు. ఫోన్లో ఎవరితోనైనా నా గురించి చెప్పాల్సి వస్తే, "ఇంట్లో అడిగి చెప్తాను" అనేవాడు.

కోపంతో అరిస్తే బాగుండేది. గిన్నె విసిరినా బాగుండేది. నేను రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ వాడు లేచి స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నాడు. ఉన్నది ఒకటే గది, అలిగిన మనిషి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. నేను కిటికీ దగ్గర నిలబడి ఆ నీళ్ళ చప్పుడు ఆగేదాకా ఎదురుచూసేదాన్ని. పంతొమ్మిదేళ్ళు బస్సుల్లో నిలబడి కలలు కన్న పేట కింద కనిపిస్తూ ఉండేది. పనికి ఇప్పుడు ఎనిమిది నిమిషాల నడక. ఆ ఎనిమిది నిమిషాలూ రోజంతటిలో నాకు కాస్త ఊపిరాడే సమయం.

వానలు వెనకబడుతున్నప్పుడు ఒక రోజు పొద్దున్నే తనిఖీ ఆయన వచ్చాడు. బట్టతల, చంకలో ఫైలు, చేతిలో తడి గొడుగు. గొడుగెక్కడ పెట్టాలో తెలియక గది మధ్యలో పట్టుకునే నిలబడ్డాడు. రెండు మంచాలూ చూశాడు, రెండు పళ్ళాలూ చూశాడు, స్నానాలగదిలో రెండు తువ్వాళ్ళూ చూశాడు.

"ఇద్దరూ ఇక్కడే ఉంటున్నారా?"

"ఉంటున్నాం. రాసుకోండి" అన్నాడు తమ్ముడు.

"మీ మధ్య గొడవలేమీ లేవు కదా? అన్నదమ్ములూ అక్కాతమ్ముళ్ళూ కలిసి తీసుకుంటే ఏడాది తిరక్కుండా కోర్టుకెక్కుతున్నారు. అందుకని అడగమన్నారు."

"లేవు."

ఆయన ఒక గడిలో టిక్కు పెట్టి, ఇద్దరి చేతా సంతకాలు చేయించుకుని వెళ్ళిపోయాడు. తమ్ముడు ఎడమచేత్తో నెమ్మదిగా, బడిపిల్లల అక్షరాలతో పేరు రాశాడు. అప్పటికి అంత మాత్రం నేర్చుకున్నాడు.

తలుపు వేసి, వీపు దానికి ఆనించి నిలబడ్డాడు.

"నువ్వు నిజం చెప్పుంటే ఏమనేవాణ్ణో తెలుసా?"

నేను పళ్ళాలు సర్దడం ఆపాను.

"ఇదే తీసుకుందామనేవాణ్ణి. రెండు గదులూ వద్దు, సూపర్‌వైజరూ వద్దు అనేవాణ్ణి. రోజూ పొద్దున్నే తడిసిన చీరతో బస్సెక్కే నిన్ను చూస్తూ, ఇంకో రెండేళ్ళు ఆగు అని నేనెందుకంటాను? అదే రోలర్ దగ్గర అలాగే నిలబడేవాణ్ణి. వేళ్ళు అప్పుడూ పోయేవేమో. కానీ అప్పుడు నేనిచ్చినట్టుండేది. ఇప్పుడు నువ్వు తీసుకున్నట్టుంది."

"తప్పు చేశానురా" అన్నాను. అంత చిన్న మాట ఆ గదిలో కూడా వాడిదాకా వెళ్ళినట్టు లేదు.

గోడ గడియారం వైపు చూశాడు. తనిఖీ మూలంగా ఆలస్యమైంది. కౌంటర్లో కూర్చునేవాళ్ళు పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలని కంపెనీ నియమం. కుడిచేతి గుండీ ఎడమచేత్తో పెట్టుకుంటాడు. ఎడమచేతిది రోజూ పళ్ళతో పట్టి, బొటనవేలితో తోసి, పావుగంట కుస్తీ పట్టి పెట్టుకునేవాడు. నేను ఒకసారి దగ్గరికెళితే వెనక్కి జరిగాడు. ఆ రోజు మాత్రం ఎడమచెయ్యి నా ముందుకు చాపాడు.

"ఇది పెట్టు. టైమైపోతోంది."

పెట్టాను. గుండీ దారం వదులుగా ఉంది. "విప్పివ్వు, రెండు కుట్లు వేసిస్తాను" అన్నాను.

"ఊడితే ఊడనీ" అంటూ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఇది జరిగి ఆరేళ్ళయింది. ఇంకా నాలుగేళ్ళు ఇద్దరం ఇక్కడే ఉండాలి. వాడు పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, చోటెక్కడుంది అంటాడు. ఇప్పుడు మాట్లాడతాడు, కూరలో ఉప్పు తక్కువైతే చెప్తాడు, ఎప్పుడైనా గెడ మీద జోకు కూడా వేస్తాడు. ఎడమచేతి గుండీ రోజూ పొద్దున్నే నేనే పెడతాను. పెట్టినంతసేపూ వాడు నా తల మీదుగా కిటికీలోకి చూస్తాడు. గుండీ పడగానే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు.